పికప్ బండి యాక్సిలేటర్ పట్టేస్తోందా? థ్రాటిల్ బాడీ మనమే విప్పి శుభ్రం చేసుకోవడం ఎట్టాగో మొత్తం

థ్రాటిల్ బాడీ అంటే ఇంజన్‌లోకి పోయే గాలిని ఒక ప్లేటు తెరిచి మూసి అదుపు చేసే భాగం. ఈ పద్ధతి పెట్రోల్, సీఎన్‌జీ బండ్లకి, డీజిల్ వాళ్ళకి కింద విడిగా ఉంది. ముందు మీ బండిది ఏ రకం పట్టేయడమో తేల్చుకోండి, ఎందుకంటే రెండిటికీ మందు ఒకటి కాదు.

మొదటి రకం, పొద్దున్నే స్టార్ట్ చేసి మెల్లిగా కాలు పెడితే పెడల్ కదలదు, ఇంకాస్త నొక్కితే టక్‌మని ఊడొచ్చి బండి ఒక్కసారి ముందుకి ఎగురుద్ది. రొయ్యల చెరువు గట్టు మీద బండి రివర్స్ పెట్టేటప్పుడు ఇట్టా ఎగిరితే ఏమయిద్దో చెప్పనక్కర్లా. ఇది నూటికి తొంభై పాళ్ళు థ్రాటిల్ ప్లేటు అంచుకి మసి జిడ్డు పట్టడమే, అరపూట పని. రెండో రకం, కాలు తీసేసినా రేస్ దిగదు, గేర్ మార్చేటప్పుడు క్లచ్ తొక్కితే ఇంజన్ గోల పెడతా ఉంటది. ఇది జిడ్డు వల్లా కావచ్చు, కేబుల్ పోగులు లేచి కావచ్చు, స్ప్రింగ్ నీరసపడి కావచ్చు, ప్లేటుని తిప్పే షాఫ్ట్ అరిగి కావచ్చు. ఈ రెండో రకంతో మాత్రం లోడు వేసుకుని హైవే ఎక్కబాకండి, "ఇదొక్క ట్రిప్పు కొట్టొచ్చి చూద్దాంలే" అనే మాట మన డ్రైవర్లకి బాగా అలవాటు, ఈ ఒక్క కంప్లైంటుకి ఆ మాట పనికిరాదు.

రోడ్డు మీద పోతా ఉండగానే రేస్ పట్టేసిందనుకోండి, క్లచ్ తొక్కి న్యూట్రల్‌లో వేసేయండి, ఇంజన్ ఎంత అరిచినా అరవనీండి, దాన్ని గురించి తర్వాత చూద్దాం. బ్రేకు ఒక్కసారి గట్టిగా తొక్కి పట్టుకోండి, పదే పదే కొట్టబాకండి, ఎందుకంటే పెట్రోల్ బండికి బ్రేకుకి బలం ఇచ్చే బూస్టర్ నడిచేది ఇంజన్ వాక్యూమ్ మీద, థ్రాటిల్ బార్లా తెరుచుకుని ఉంటే ఆ వాక్యూమ్ ఉండదు, బూస్టర్‌లో మిగిలింది రెండు మూడు సార్లు కొట్టేసరికి అయిపోయి పెడల్ రాయిలా బిగుసుకుపోద్ది. హజార్డ్ లైట్లు వేసి పక్కకి తీసి ఆగినాక కీ ఆపండి. నడుస్తా ఉండగా కీ మొత్తం వెనక్కి తిప్పి పీకితే స్టీరింగ్ లాక్ పడే ప్రమాదం ఉంది.

థ్రాటిల్ మీద చెయ్యి వేసే ముందు

సగం మంది ఈడ్నే తప్పులో పడతారు. ముందు కాలి కింద చూడండి. డ్రైవర్ దగ్గర రబ్బరు మ్యాట్ మీద ఇంకో మ్యాట్, దాని మీద గోనెసంచి, అది జరిగి పెడల్ కింద ఇరుక్కుని ఉంటది. ఇసుక, ఐస్ నీళ్ళు, మేత పొడి అంతా చేరి పెడల్ పిన్ను దగ్గర తుప్పు పట్టి ఉంటది. మ్యాట్ తీసేసి ఇంజన్ ఆపి పెడల్ చేత్తో నొక్కి వదిలి చూడండి.

తర్వాత బండికి యాక్సిలేటర్ కేబుల్ ఉందా లేదా చూసుకోండి. పెడల్ నుంచి తీగ వచ్చి థ్రాటిల్ పక్కన చక్రం లాంటి దానికి తగులుకుని ఉంటే కేబుల్ రకం. తీగ లేకుండా థ్రాటిల్ పక్కన నల్ల ప్లాస్టిక్ మూత, దానికి ఐదారు వైర్ల కప్లర్ ఉంటే ఎలక్ట్రానిక్ రకం, లోపల మోటారు ఉండి ఈసీయూ, అంటే బండి కంప్యూటరు, చెప్పినట్టు ప్లేటుని తిప్పుద్ది. ఎలక్ట్రానిక్ బండికి థ్రాటిల్ ఎంత జిడ్డు పట్టినా ఆ బిగువు పెడల్‌కి తెలీదు, పెడల్ ఎప్పట్లా మెత్తగానే ఉంటది, బండే జర్కు ఇస్తది, లేకపోతే చెక్ లైట్ వెలిగి బండి మొండికేస్తది. కాబట్టి ఎలక్ట్రానిక్ బండికి పెడలే బిగుసుకుంటా ఉంటే థ్రాటిల్ విప్పి లాభం లేదు, పెడల్ దగ్గరే చూసుకోవాలి.

కేబుల్ రకం అయితే థ్రాటిల్ దగ్గర చక్రాన్ని చేత్తో తిప్పి కేబుల్ చివర గుండు బయటికి తీసేయండి. ఇప్పుడు ఇద్దరూ విడిపోయారు, ఎవరిది తప్పో తెలిసిపోద్ది. పెడల్ నొక్కితే కేబుల్ ఒక్కటే లాగుతా ఉన్నా బిగువుగా ఉందంటే దోషం కేబుల్‌ది. చక్రాన్ని చేత్తో తిప్పితే మొదట్లో అంటుకుని తర్వాత ఊడినట్టు తెలిసిందంటే దోషం థ్రాటిల్‌ది. సీటు కింద ఇంజన్ ఉండే టాటా ఏస్ లాంటి చిన్న బండ్లలో సీటు ఎత్తి దించేటప్పుడు కేబుల్ నలగడం మామూలే, ఆ వంపు దగ్గర బాగా చూడండి. తీగ పోగు ఒక్కటి లేచినా కేబుల్ మార్చేయడమే. కేబుల్‌లో ఆయిల్ పోసే అలవాటు ఉంది మన దగ్గర, లోపల ప్లాస్టిక్ గొట్టం ఉండే ఇప్పటి కేబుళ్ళకి అది పనికిరాదు, ఆయిల్‌కి దుమ్ము పట్టి నెలలో ముద్దయి కూర్చుంటది.

చెక్ లైట్ వెలిగి ఉంటే ముందు స్కానర్ పెట్టించి కోడ్ రాసుకోండి, డిలీట్ కొట్టనీయబాకండి. పీ2111 అంటే థ్రాటిల్ తెరుచుకుని పట్టేసిందని, పీ2112 అంటే మూసుకుని పట్టేసిందని, పీ2119 అంటే మూసుకునే చోటు సరిగ్గా కుదరట్లేదని. ఈ మూడిటికీ ముందు శుభ్రం చేసి చూడొచ్చు. పీ0122, పీ0123, పీ2135 లాంటివి వస్తే మాత్రం అది సెన్సార్, వైరింగ్ లెక్క, ఎంత క్లీన్ చేసినా పోదు. పీ0506 స్లో, అంటే రేస్ ఇవ్వనప్పుడు ఇంజన్ తిరిగే వేగం, తక్కువైందని, పీ0507 స్లో ఎక్కువైందని.

అసలు జిడ్డు యాడ నుంచి వస్తది

ఎయిర్ ఫిల్టర్ ఉంది కదా దుమ్మెట్టా పోయిద్ది అని అడుగుతారు. అది ఎక్కువగా బయట దుమ్ము కాదు. పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి దిగిన గ్యాసు ఇంజన్ ఆయిల్ ఆవిరితో కలిసి పీసీవీ వాల్వ్ (ఆ గ్యాసుని తిరిగి ఇంజన్‌లోకి పంపేది) దారిన మళ్ళా మానిఫోల్డ్‌లోకి, అంటే థ్రాటిల్ తర్వాత ఇంజన్‌కి గాలి పోయే గొట్టాల్లోకి, వస్తది, రేస్ ఎక్కువ ఇచ్చినప్పుడు బ్రీతర్ పైపు దారిన థ్రాటిల్ ముందుకి కూడా వస్తది. ఆ ఆయిల్ పొర వేడికి ఎండి ప్లేటు అంచున దోసె పెనం అంచుకి మాడిన జిడ్డులా గట్టిపడుద్ది. దాని మీదికి ఫిల్టర్ సరిగ్గా కూర్చోకపోతే దుమ్ము తోడవుద్ది. చీమకుర్తి క్వారీల వైపు తిరిగే బండ్లకి ఇది మరీ ఎక్కువ, ఆ గ్రానైట్ పొడి ఆయిల్‌తో కలిసిందంటే రుబ్బుడు మందే, షాఫ్ట్‌ని కూడా అరగదీస్తది. కొత్తపట్నం, మైపాడు, కృష్ణపట్నం వైపు తిరిగే బండ్లకి వేరే బాధ, ఉప్పుగాలికి కప్లర్ పిన్నులు పచ్చగా చిలుం పడతాయి.

కావలసిన సామాను

థ్రాటిల్ బాడీ క్లీనర్ అని డబ్బా మీద రాసి ఉండేదే కొనండి, నెల్లూరు ఆటోనగర్‌లో గాని ఒంగోల్లో గాని స్పేర్ పార్ట్స్ షాపుల్లో దొరుకుద్ది. కార్బ్ క్లీనర్ చవగ్గా వస్తదని షెడ్డుల్లో అదే కొడతారు, నాకైతే అది నచ్చదు, కొన్ని థ్రాటిల్ బాడీలకి కంపెనీ వాళ్ళే ప్లేటు అంచున, గోడకి సన్నటి పూత వేసి ఉంటారు గాలి సందు మూయడానికి, ఘాటైన మందు కొడితే ఆ పూత ఊడిపోయి తర్వాత స్లో జన్మలో కుదరదు. పెట్రోలు, కిరసనాయిలు, డబ్ల్యూడీ40 ఇవేవీ వద్దు, చివరిది జిడ్డు పొర వదిలేస్తది, దుమ్ముని పిలిచి కూర్చోబెట్టినట్టే. ఎమెరీ పేపరు, వైర్ బ్రష్, స్క్రూడ్రైవర్ మొనతో గీకడం అసలే వద్దు.

ఇంకా పాత టూత్‌బ్రష్ ఒకటి మెత్తటిది, పోగులు రాలని బనీను గుడ్డలు నాలుగైదు, స్టార్ స్క్రూడ్రైవర్, 8, 10, 12 నంబర్ల సాకెట్లు, ఎలెన్ కీలు, టార్చిలైటు, చేతికి గ్లవుజులు, కళ్ళకి అద్దాలు. థ్రాటిల్ మొత్తం విప్పేట్టయితే కొత్త గాస్కెట్ గాని ఓరింగ్ గాని ముందే తెచ్చి పెట్టుకోండి. ఆదివారం విప్పి గాస్కెట్ చిరిగితే బండి సోమవారం దాకా అట్టా నిలబడి ఉండాల్సిందే.

విప్పడం

ఇంజన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి, ఎండాకాలం అయితే పొద్దున్నే, రోహిణీ కార్తెలో మధ్యాహ్నం పూట బానెట్ కింద చెయ్యి పెట్టే పని కాదు. క్లీనర్ మంటకి భగ్గున అంటుకునే సరుకు, బీడీ సిగరెట్టు దూరం పెట్టి గాలి ఆడే చోట చేసుకోండి. సీఎన్‌జీ బండి అయితే సిలిండర్ వాల్వ్ కట్టేయండి. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీసేయండి, 10 నంబర్ పట్టుద్ది చాలా బండ్లకి.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి థ్రాటిల్ దాకా వచ్చే రబ్బరు గొట్టం ఉంది చూశారా, దానికి రెండు వైపులా క్లిప్పులు లూజ్ చేసి, మధ్యలో బ్రీతర్ పైపు ఉంటే అది కూడా లాగేసి గొట్టం మెల్లిగా తిప్పుతా బయటికి తీయండి. ఎండకి బిగుసుకుపోయిన రబ్బరుని ఒక్కసారే లాగితే చీలుద్ది. గొట్టం మీద ఎయిర్ సెన్సార్ ఉంటే కప్లర్ లాక్ నొక్కి తీయండి, వైరు పట్టుకుని లాగబాకండి. విప్పే ముందు ఫోన్లో రెండు ఫోటోలు తీసి పెట్టుకుంటే ఏ పైపు యాడ పెట్టాలో తర్వాత తలగోక్కునే పని ఉండదు.

ఇప్పుడు ప్లేటు కనపడుద్ది. టార్చి వేసి చూస్తే పైకి పెద్ద మురికిగా కనిపించదు, అందుకే చాలామంది "బాగానే ఉందే" అని మూసేస్తారు. ప్లేటుని కొంచెం తెరిచి వెనకవైపు చూడండి. ప్లేటు మూసుకున్నప్పుడు అంచు గోడకి ఆనే చోట సరిగ్గా చుట్టూ నల్లటి గీత ఉంటది, కింది సగంలో మందంగా, పైన పలచగా, గ్లవుజు వేలితో రుద్దితే మెరుస్తా అంటుకుంటది. మొత్తం పనికి గుట్టు అంతా ఆ గీతలోనే ఉంది, మిగతా గొట్టం అద్దంలా చేసి ఆ గీత వదిలేస్తే మీరు పని చేయనట్టే లెక్క.

శుభ్రం చేయడం, కేబుల్ రకం

చక్రాన్ని ఒక చేత్తో తిప్పి ప్లేటు తెరిచి పట్టుకుని, క్లీనర్‌ని నేరుగా కొట్టకుండా గుడ్డ మీద కొట్టి ఆ గుడ్డతో అంచు, గోడ తుడవండి. గట్టిగా ఉన్న చోట బ్రష్ మీద కొట్టి రుద్దండి. ఒక నిమిషం నానబెట్టి తుడిస్తే మెత్తగా వచ్చేస్తది. గుడ్డ నల్లబడితే తిప్పి శుభ్రమైన వైపుతో తుడవాలి, అదే నల్ల గుడ్డతో రుద్దితే మురికి అటూ ఇటూ పూసినట్టే. ప్లేటు రెండు వైపులా, దాని అంచు మందం మీద కూడా. షాఫ్ట్ గోడలోకి దూరే రెండు చివర్లలో బ్రష్ మొనతో చెయ్యండి, స్ప్రే మాత్రం ఆ సందుల్లోకి తొట్టబాకండి, అక్కడ ఉండే సీలు, గ్రీజు కడుక్కుపోతే షాఫ్ట్ తొందరగా అరుగుద్ది, పక్కనే పొజిషన్ సెన్సార్ కూడా ఉంటది, దానిలోకి మందు దిగితే ఇంకో ఖర్చు.

కేబుల్ బండ్లకి ఐడిల్ ఎయిర్ వాల్వ్ విడిగా ఉంటది చాలావాటికి, థ్రాటిల్ మూసుకున్నప్పుడు ఇంజన్ ఊపిరి పీల్చేది ఆ సన్న దారిలోంచే. రెండు స్క్రూలు తీస్తే వస్తది. దాని మొన, అది కూర్చునే రంధ్రం గుడ్డతో తుడవండి, వాల్వ్‌ని మోటారు వైపు తడవనీయకుండా కిందికి వంచి పట్టుకుని చేయండి, మొనని చేత్తో లోపలికి తొయ్యబాకండి.

అయినాక చక్రాన్ని కొసదాకా తిప్పి వదిలితే ఠక్‌మని శుభ్రంగా మూసుకోవాలి. నిదానంగా తిప్పినప్పుడు మొదట్లో అంటుకోవడం పోవాలి. ప్లేటు ఆగే చోట ఉండే చిన్న స్టాపర్ స్క్రూ మీద రంగు చుక్క ఉంటది, దాన్ని తిప్పి స్లో పెంచుతారు కొంతమంది మెకానిక్కులు, అది ఫ్యాక్టరీలో సెట్ చేసింది, దాన్ని కదిపారంటే ప్లేటు మూసుకున్నప్పుడు గోడకి ఇరుక్కుని మళ్ళా పట్టేయడం మొదలవుద్ది.

శుభ్రం చేయడం, ఎలక్ట్రానిక్ రకం

ఇక్కడే జాగ్రత్త. కీ ఆన్‌లో ఉండగా వేలు లోపల పెట్టబాకండి, మోటారు ఒక్కసారి మూసిందంటే వేలు నలుగుద్ది. కీ ఆఫ్‌లో కూడా ప్లేటుని వేలితో టకటకా తెరవడం మంచిది కాదు, లోపల ఉండేది ప్లాస్టిక్ పళ్ళ చక్రాలు. దీనికి సరైన పద్ధతి, థ్రాటిల్‌ని బండి నుంచి మొత్తం విప్పుకుని చేసుకోవడం. నాలుగు బోల్టులు, ఒక కప్లర్, కొన్నిటికి కూలెంట్ తిరిగే సన్న పైపులు రెండు. పైపులు ఉంటే వాటిని క్లిప్పుతో నొక్కి పెట్టి తీయండి, కారిన కూలెంట్ మళ్ళా అదే రకం పోసి లెవెల్ చూసుకోవాలి. విప్పినాక మానిఫోల్డ్ రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కండి, బోల్టు ఒకటి జారి లోపల పడిందంటే ఆ కథ వేరే ఉంటది.

బయటికి తీసిన బాడీని మోటారు మూత పైకి ఉండేట్టు పట్టుకోండి, అప్పుడు మందు కిందికే కారుద్ది, మోటారులోకి దిగదు. మెత్తగా, ఒకే వేగంతో ప్లేటు తెరిచి గుడ్డతో అంచు తుడవండి. బకెట్లో ముంచడం, కంప్రెసర్ గాలి మోటారు వైపు కొట్టడం వద్దు. వదిలేసినప్పుడు ఈ ప్లేటు పూర్తిగా మూసుకోదు, కొంచెం తెరుచుకుని నిలబడుద్ది, అది కంప్లైంట్ కాదు, మోటారు పోయినా బండి మెల్లిగా ఇంటికి చేరడానికి అట్టా పెట్టారు.

విప్పకుండా బండి మీదే చేయాలంటే, బ్యాటరీ కనెక్షన్ ఉంచి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేసి ఇంకో మనిషిని సీట్లో కూర్చోబెట్టి పెడల్ నొక్కి పట్టమనండి, ప్లేటు తెరుచుకుంటది, కర్రకి చుట్టిన గుడ్డతో తుడవండి, చెయ్యి మాత్రం లోపలికి పోకూడదు. కొన్ని బండ్లకి ఇంజన్ ఆగి ఉంటే ప్లేటు పూర్తిగా తెరవదు, దానికి విప్పడమే దారి. కప్లర్ పిన్నులు పచ్చగా ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనీయండి.

బిగించడం

మానిఫోల్డ్ ముఖం, థ్రాటిల్ ముఖం తుడిచి కొత్త గాస్కెట్ పెట్టండి. ఎర్ర సీలెంట్ పూసే పని పెట్టుకోబాకండి, పిండినప్పుడు లోపలికి వచ్చిన ముక్క ఊడి ఇంజన్‌లోకి పోద్ది. నాలుగు బోల్టులు ముందు చేత్తో పట్టించి, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. ఇవి సన్న బోల్టులు, అల్యూమినియంలోకి దిగేవి, కొన్ని మానిఫోల్డులు ప్లాస్టిక్కే, చక్రం బోల్టు బిగించినట్టు బలం పెడితే మర పోద్ది. గొట్టం, బ్రీతర్ పైపు, కప్లర్లు పెట్టి క్లిప్పులు బిగించి, కేబుల్ ఉంటే తగిలించి కొంచెం వదులు ఉండేట్టు చూసుకోండి. అసలు వదులు లేకపోతే ప్లేటు పూర్తిగా మూసుకోదు. పెడల్ కొసదాకా నొక్కినప్పుడు ప్లేటు పూర్తిగా తెరుచుకుంటోందా అని కూడా చూడాలి.

స్టార్ట్ చేసినాక స్లో ఎక్కువైందా, కంగారు పడబాకండి

చాలామంది ఇక్కడ భయపడి "క్లీన్ చేసి చెడగొట్టుకున్నా" అంటారు. జిడ్డు పట్టినన్నాళ్ళు గాలి తక్కువ వస్తోందని ఈసీయూ ప్లేటుని కొంచెం కొంచెం ఎక్కువ తెరుస్తా అలవాటు పడి ఉంటది. ఇప్పుడు జిడ్డు పోయింది, పాత లెక్కనే తెరుస్తది, గాలి ఎక్కువైపోయి స్లో పైకి లేస్తది. దానికి కొత్తగా నేర్పాలి.

బండిని బట్టి పద్ధతి మారుద్ది, ఎక్కువ వాటికి ఇది పనిచేస్తది: పెడల్ ముట్టుకోకుండా కీ ఆన్ చేసి అర నిమిషం ఉంచి ఆఫ్ చేయండి, పది సెకన్లు ఆగండి, ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఆ టైములో తనంతట తాను చిన్నగా కదిలి మూసుకునే చోటు చూసుకుంటది, చెవి పెడితే సన్నటి గుర్రుమనే చప్పుడు వినపడుద్ది. మళ్ళా స్టార్ట్ చేసి ఏసీ, లైట్లు, ఫ్యాను అన్నీ ఆపేసి రేస్ ఇవ్వకుండా ఇంజన్ వేడెక్కేదాకా స్లోలోనే వదిలేయండి. తర్వాత ఖాళీ బండితో ఆగుతా కదులుతా కొంచెం దూరం తిప్పండి. అప్పటికీ దిగకపోతే స్కానర్‌తో థ్రాటిల్ రీలెర్న్ కొట్టించాలి, ఇది పది నిమిషాల పని, దీనికి థ్రాటిల్ మార్చాలి అని ఎవరన్నా అంటే ముందు రీలెర్న్ కొట్టి చూపించు అన్నా అని అడగండి.

రీలెర్న్ అయినా స్లో ఎక్కువే ఉంటే గాలి దొంగదారి యాడుందో వెతకండి. గాస్కెట్ దగ్గర, బ్రీతర్ పైపు చీలిక దగ్గర, బ్రేక్ బూస్టర్ పైపు దగ్గర బుస్‌మనే శబ్దం వస్తది, సన్న గొట్టం ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని ఇంకో చివర తిప్పుతా పోతే దొరికిపోద్ది. వేడి ఇంజన్ మీద క్లీనర్ కొట్టి లీక్ కనిపెట్టే పద్ధతి ఒకటి తిరుగుతోంది, సైలెన్సర్ వేడికి మంట లేస్తది, వద్దు.

డీజిల్ పికప్ వాళ్ళకి

మన వైపు బొలెరో పికప్పులు, దోస్త్‌లు ఎక్కువ, వాటిలో ఎక్కువ డీజిలే. డీజిల్‌కి రేస్ తగ్గించేది పెంచేది ఇంధనంతోనే గాని గాలితో కాదు, కాబట్టి యాక్సిలేటర్ పట్టేసిందని డీజిల్‌లో థ్రాటిల్ మీద పడబాకండి. అయితే 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిళ్ళలో గాలి దారిలో ఒక ఫ్లాప్ ఉంటది, ఈజీఆర్ పొగని, అంటే సైలెన్సర్ పొగలో కొంత మళ్ళా ఇంజన్‌లోకి వచ్చేదాన్ని, లోపలికి లాగడానికి, పొగలో మసి పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ వేడెక్కించడానికి. అది మామూలుగా తెరుచుకుని ఉండేది, పెట్రోల్‌కి తిరగబడి. ఈజీఆర్ మసి, ఆయిల్ ఆవిరి కలిసి అక్కడ వేలు మందం పేరుకుంటది, మూసుకుని పట్టేస్తే బండికి పికప్ చచ్చి నల్లపొగ వస్తది. దాన్ని విప్పి బయటపెట్టే క్లీన్ చేయాలి. ఇంజన్ నడుస్తా ఉండగా గాలి దారిలో స్ప్రే కొట్టడం డీజిల్‌లో మాత్రం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే, స్ప్రే కూడా దానికి ఇంధనమే, రేస్ తనంతట తాను ఎక్కిపోద్ది, కీ ఆపినా ఆగదు.

మళ్ళా పట్టకుండా

పీసీవీ వాల్వ్ బయటికి తీసి ఊపితే టకటకమనాలి, గోలీ ఉండే రకం అయితే. మూగదైతే మార్చేయండి, పెద్ద ఖర్చు కాదు. ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్ మీద పై గీత దాటించి పోయబాకండి, ఎక్కువ పోస్తే ఎక్కువ ఆవిరి. ఇంజన్ స్లోలో ఉండగా ఆయిల్ మూత తెరిస్తే పొగ బుస్సుబుస్సున కొడతా ఉంటే రింగులు అరిగినట్టు, అప్పుడు థ్రాటిల్ ఎన్ని సార్లు కడిగినా మూడు నెలల్లో మళ్ళా వస్తది. ఎయిర్ ఫిల్టర్ పేపర్ రకం అయితే లోపలి వైపు నుంచి బయటికి గాలి కొట్టాలి, డబ్బా మూత అంచు రబ్బరు సరిగ్గా కూర్చుందా చూడాలి, చీమకుర్తి వైపు తిరిగే బండికి బుక్కులో రాసిన కిలోమీటర్లలో సగానికే మార్చడం మంచిది.

ఇంత చేసినా షాఫ్ట్ పట్టుకుని పైకీ కిందికీ ఊపితే లూజ్ తెలుస్తోందంటే, ప్లేటు మూసి వెనక టార్చి వేసినప్పుడు ఒక పక్కే వెలుతురు నెలవంకలా కనపడుతోందంటే, బాడీ అరిగిపోయినట్టే, మార్చాలి. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు కప్లర్ పిన్నులు లెక్కబెట్టి, బాడీ మీద ఉండే పార్ట్ నంబర్ మీ పాతదానితో ఒక్క అక్షరం తేడా లేకుండా సరిచూసుకోండి, బయటికి ఒకేలా ఉన్నా లోపల సెన్సార్ లెక్క వేరే ఉంటది. బిగించినాక రీలెర్న్ స్కానర్‌తోనే కొట్టించండి, బాడీ మార్చినప్పుడు కొన్ని ఎలక్ట్రానిక్ బండ్లకి కీ ఆన్ ఆఫ్ పద్ధతి సరిపోదు.